బాక్టీరియా మిత్రుడా, శత్రువా: నూటయాభై ఏళ్ల వాదం ఎక్కడికొచ్చింది?

1982లో అమెరికాలో ఈ-కొలై బాక్టీరియా పేరు రెండు వేర్వేరు సంగతుల్లో వినిపించింది. ఆరెగాన్, మిచిగన్ రాష్ట్రాల్లో హాంబర్గర్లు తిన్న కొందరికి నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. పరీక్షిస్తే ఈ-కొలైలో అంతవరకు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక రకం బయటపడింది. అదే ఏడాది మధుమేహ రోగుల కోసం తయారైన మానవ ఇన్సులిన్‌కు అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ ఇన్సులిన్‌ను తయారుచేసింది కూడా ఈ-కొలైయే, ప్రయోగశాలలో పెంచిన మరో రకం. ఈ రెండూ కాక ఇంకెన్నో రకాల ఈ-కొలై మనందరి పేగుల్లో ఏ హానీ చేయకుండా బతుకుతోంది.

మంచి బాక్టీరియా, చెడు బాక్టీరియా అన్న విభజన పాఠ్యపుస్తకాల్లోంచి టీవీ ప్రకటనల్లోకి, అక్కడి నుంచి మందుల షాపు అరల్లోకి చేరింది. క్రిములన్నిటినీ చంపే సబ్బు ఒక అరలో ఉంటే, కోట్ల కొద్దీ బతికున్న బాక్టీరియా ఉందని చెప్పే పొట్లం పక్క అరలో ఉంటోంది. ఈ గందరగోళం వెనక నిజమైన శాస్త్రవాదమే ఉంది. అది ఎక్కడ మొదలైంది, ఎన్ని పాయలుగా చీలింది, ఏం తేలింది, ఏం తేలలేదు అన్నది ఒక్కచోట చూసుకోవాల్సిన సమయం వచ్చింది.

శత్రువును పట్టుకున్న తరం

హాలండ్‌లో బట్టల వ్యాపారి లీవెన్‌హాక్ 1683లో తన పళ్ల మీది పాచిని సొంతంగా చేసుకున్న భూతద్దం కింద పెట్టి, అందులో ఈదులాడుతున్న ప్రాణుల్ని చూసి రాశాడు. ఆయనకు అవి వింతగా తోచాయే తప్ప ప్రమాదంగా తోచలేదు. రోగానికీ వాటికీ లంకె ఉందని రుజువు కావడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాఖ్ 1876లో పశువుల దొమ్మరోగానికి, 1882లో క్షయకు కారణమైన బాక్టీరియాను చూపించాడు. 1884లో కలకత్తాలో కలరా రోగులను పరీక్షించి ఆ జబ్బు మూలాన్నీ పట్టుకున్నాడు.

ఈ వాదం మనిషికి చేసిన మేలు అంతా ఇంతా కాదు. గత్తర వస్తే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కాలం పోయిందంటే, ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గుకు పిల్లలు రాలిపోవడం తగ్గిందంటే, ఒక రోగానికి ఒక క్రిమి అన్న కాఖ్ సూత్రమే పునాది. రక్షిత మంచినీరు, టీకా, శస్త్రచికిత్సలో శుభ్రత, పాలు కాచే పద్ధతి, అన్నీ దాని మీద లేచినవే. ఇవాళ ఎవరైనా మంచి బాక్టీరియా పేరు చెప్పి టీకాలనో, నీటి శుద్ధినో తేలిక చేస్తే వాళ్లకు ఈ చరిత్ర తెలియదనే అనుకోవాలి.

అయితే ఆ సూత్రంలో ఒక బెజ్జం మొదటి నుంచీ ఉంది. క్రిమి రోగుల్లోనే కనిపించాలి, ఆరోగ్యవంతుల్లో కనిపించకూడదు అన్నది కాఖ్ పెట్టుకున్న నియమం. ఏ జబ్బూ లేనివారి ఒంట్లోనూ కలరా బాక్టీరియా ఉండగలదని తర్వాత ఆయనకే తెలిసింది. క్రిమి ఉండి రోగం లేకపోవడమేమిటన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

కలరా విషయంలో ఆ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరికింది. 1959లో కలకత్తాలోనే శంభునాథ్ దే అనే శాస్త్రవేత్త, ప్రాణం తీసేది ఆ బాక్టీరియా వదిలే విషమని కుందేళ్ల పేగులతో నిరూపించాడు. ఆ విషం తయారుచేసే జన్యువు బాక్టీరియా సొంతం కాదని, దానికి సోకే ఒక వైరస్ తెచ్చిపెట్టిందని 1996లో అమెరికన్ పరిశోధకులు కనుగొన్నారు. నది సముద్రంలో కలిసే చోట ఉప్పునీటిలో ఈ బాక్టీరియా సూక్ష్మమైన జలచరాలను అంటిపెట్టుకుని బతుకుతుంది. ఆ బాక్టీరియాలో ఎక్కువ భాగానికి ఆ విషం చేసే శక్తి లేదు. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను నాలుగు మడతలు వేసి నీళ్లు వడగడితే ఆ జలచరాలు గుడ్డలో చిక్కి కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయని 2003లో వెలువడిన అధ్యయనం చెప్పింది. శత్రువు ఎక్కడ ఎలా బతుకుతున్నాడో తెలిస్తే ఖర్చులేని ఉపాయమూ దొరుకుతుంది.

పెరుగుతో మొదలైన రెండో పాయ

పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్ 1907లో దీర్ఘాయువు మీద పుస్తకం రాశాడు. పెద్దపేగులో కుళ్లబెట్టే బాక్టీరియా మనల్ని త్వరగా ముసలివాళ్లను చేస్తోందని, పెరుగులో ఉండే పులిసే బాక్టీరియా దానికి విరుగుడని ఆయన వాదం. బల్గేరియా పల్లెవాసులు పెరుగు తిని నూరేళ్లు బతుకుతున్నారన్న మాట ఆయన నోటి మీదుగానే యూరప్ అంతటా పాకింది. ఆయన మరుసటి ఏడాది నోబెల్ అందుకున్నది మాత్రం దీనికి కాదు, క్రిముల్ని మింగే రక్తకణాల మీద చేసిన పనికి. ఆ పేరుప్రతిష్ఠలు పెరుగు సిద్ధాంతానికీ అంటుకున్నాయి. బల్గేరియా పెరుగు బాక్టీరియా పేగులో నిలదొక్కుకోలేదని తర్వాతి తరం తేల్చింది.

అయితే ఆయన చూసిన దానిలో నిజం లేకపోలేదు. మన ఇడ్లీ పిండినే చూడండి. రుబ్బి మూత పెట్టిన పిండిలో మొదటి కొన్ని గంటలు మినప్పప్పు మీద ఉండి వచ్చిన ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా ముందుకొస్తుంది. అది వదిలే బొగ్గుపులుసు వాయువుకే పిండి పొంగుతుంది. దాని వల్ల పిండి పులిసేకొద్దీ పులుపు తట్టుకోగల ఇతర రకాలు పెరుగుతాయి. ఆ పులుపులో రోగకారక క్రిములు చాలావరకు తలెత్తలేవు. తరవాణిలో, చద్దన్నంలో, పెరుగులో జరిగేది కాస్త అటూ ఇటుగా ఇదే. ఆహారాన్ని కాపాడే పని ఈ బాక్టీరియా చేస్తోందనడంలో సందేహం లేదు. అది మన ఒంట్లోకి వెళ్లి ఏ జబ్బు నయం చేస్తుందన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ ఒకటిగా చూపించడమే నేటి ప్రకటనల ఎత్తుగడ.

మందులు వచ్చిన తర్వాత

యాంటీబయాటిక్‌ల కథలో మనవాళ్లు గర్వించాల్సిన పేరు ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనా విభాగాన్ని నడుపుతున్న కాలంలో, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోంచి ఆరియోమైసిన్ మందును వెలికితీశాడు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. దాన్ని తయారుచేసేది మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే మరో బాక్టీరియా. క్షయను లొంగదీసిన స్ట్రెప్టోమైసిన్‌దీ అదే వంశం. బాక్టీరియా నుంచి మనల్ని కాపాడిన మందుల్లో పెద్ద భాగం బాక్టీరియా ఇచ్చినవే.

ఆ కథకు రెండో సగం కూడా ఉంది. అదే ప్రయోగశాలలో ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోళ్ల దాణాలో కలిపితే కోళ్లు త్వరగా బరువెక్కడం శాస్త్రవేత్తలు గమనించారు. 1950 నుంచి రోగం లేని కోళ్లకు, పందులకు, దూడలకు కొద్ది కొద్దిగా యాంటీబయాటిక్ మేపడం ప్రపంచమంతా పాకింది. తక్కువ మోతాదులో మందు వాడితే క్రిములు దానికి అలవాటుపడతాయని పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ వేదిక మీదే హెచ్చరించాడు. యూరప్ ఈ పద్ధతిని పూర్తిగా నిషేధించేసరికి 2006 వచ్చింది. మన దేశం ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కోలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడటాన్ని 2019లో నిషేధించింది.

మూడు వాదాలు

ఇరవయ్యో శతాబ్దం చివరికి ఈ విషయం మీద మూడు బలమైన వాదాలు నిలిచాయి.

మొదటిది శుభ్రతను అనుమానించిన వాదం. 1989లో బ్రిటిష్ పరిశోధకుడు డేవిడ్ స్ట్రాచన్ 17 వేలకు పైగా పిల్లల వివరాలు చూసి, అన్నలు అక్కలు ఎక్కువున్న పిల్లల్లో పుప్పొడి ఎలర్జీ తక్కువని గమనించాడు. చిన్ననాటి అంటురోగాలే ఎలర్జీ నుంచి కాపాడుతున్నాయేమోనని ఊహించాడు. పత్రికలు దీన్ని మురికి మంచిదన్న నినాదంగా మార్చాయి. ఈ వాదానికి ఇదే పెద్ద కీడు చేసింది.

రెండోది దాన్ని సరిదిద్దిన వాదం. గ్రాహం రూక్ 2003లో దీన్ని పాత నేస్తాల సిద్ధాంతంగా ముందుకు తెచ్చాడు. మనకు కావలసినవి రోగాలు కావు. మట్టిలో, పశువుల కొట్టంలో, తల్లి ఒంటిమీద ఉండే, లక్షల ఏళ్లుగా మనతో బతికిన సూక్ష్మజీవులు. చేతులు కడుక్కోవడం మానేస్తే అవి రావు, విరేచనాలు వస్తాయి. మొదటి వాదం కంటే ఇది బలమైనదని నా అభిప్రాయం. రోగక్రిమికీ నిరపాయ జీవికీ మధ్య తేడాను ఇది వదిలిపెట్టలేదు.

మూడోది జన్యు పరీక్షలతో వచ్చిన మైక్రోబయోమ్ వాదం. ఒంట్లోని బాక్టీరియా మొత్తం ఒక అవయవంలా పనిచేస్తుందని, ఊబకాయం నుంచి మనోవ్యాధుల వరకు దాని చేయి ఉందని ఈ వాదులు అంటారు. ఇందులో ఆశ ఎక్కువ, అతిశయోక్తీ ఎక్కువే. మన కణాల కంటే బాక్టీరియా పది రెట్లు ఎక్కువన్న మాట దశాబ్దాల పాటు చెలామణి అయింది. ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు 2016లో మళ్లీ లెక్కకట్టి, సగటు మనిషిలో బాక్టీరియా 38 లక్షల కోట్లు, సొంత కణాలు 30 లక్షల కోట్లు అన్నారు. ఇంచుమించు సరిసమానం. ఆ బాక్టీరియా బరువు 200 గ్రాములే. లావు మనుషుల పేగు బాక్టీరియాను ఎలుకల్లో పెడితే అవి లావెక్కాయన్న ప్రయోగాలకు గొప్ప ప్రచారం వచ్చింది. మనుషుల మీద జరిగిన పది అధ్యయనాలను 2016లో కలిపి చూస్తే ఆ సంబంధం చాలా బలహీనంగా కనిపించింది.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా ఇలా ఉంది. మొదటిది ప్రశ్న మంచిది లేవనెత్తి జవాబు తప్పు చెప్పింది. రెండోదానికి ఆధారాలున్నాయి కానీ ఏ నేస్తం, ఏ వయసులో, ఎంత కావాలో చెప్పలేకపోతోంది. మూడోది కొలవగలదు కానీ, ఏది కారణం, ఏది ఫలితం అన్నచోట తడబడుతోంది.

గట్టి పరీక్ష: హెలికోబాక్టర్ పైలోరి

ఈ వాదాలన్నిటికీ గీటురాయి ఒకే బాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో కడుపులో బతికే ఈ జీవిని పెంచి చూపించారు. కడుపుపుండ్లకు మానసిక ఒత్తిడి, కారం, ఆమ్లం కారణమని వైద్యలోకం నమ్ముతున్న రోజులవి. ఎవరూ ఒప్పుకోకపోవడంతో మార్షల్ 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి కడుపువాపు తెచ్చుకున్నాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధనా విభాగం దీన్ని కేన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. శత్రువని ఇంత స్పష్టంగా తేలాక ఇక వాదం ఏముందనిపిస్తుంది.

వాదం అక్కడే మొదలైంది. అమెరికన్ వైద్యుడు మార్టిన్ బ్లేజర్, ఈ బాక్టీరియా మనిషి కడుపులో వేల ఏళ్లుగా ఉందని, అది కనుమరుగైన సంపన్న దేశాల్లో గొంతులోకి ఆమ్లం తన్నే జబ్బు, అన్నవాహిక కింది భాగపు కేన్సర్, పిల్లల్లో ఉబ్బసం పెరిగాయని ఎత్తిచూపాడు. నడివయసు దాటాక చేటు చేసేది చిన్నతనంలో మేలు చేస్తూ ఉండవచ్చునని ఆయన వాదం. మన దేశంలో ఈ బాక్టీరియా సోకినవాళ్లు కోట్లలో ఉన్నా, కడుపు కేన్సర్ జపాన్, కొరియాలతో పోలిస్తే చాలా తక్కువ. బాక్టీరియా రకంలో తేడానా, మన జన్యువులా, తిండా అన్నది తేలలేదు. పుండున్నవారికి, కడుపు కేన్సర్ ముప్పున్నవారికి దీన్ని చంపాల్సిందే, ఇందులో రెండో మాట లేదు. ఏ బాధా లేని కోట్ల మందికి పరీక్ష చేసి మందులు మింగించాలా అన్నచోటే వైద్యులు రెండుగా చీలారు.

పుట్టుకతో వచ్చే ఆస్తి

తెలుగువారికి మరీ దగ్గరైన చర్చ సిజేరియన్ గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు దేశం మొత్తం మీద 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. మామూలు కాన్పులో బిడ్డకు తల్లి బాక్టీరియా అందుతుంది. కోత కాన్పులో చర్మం మీదిది, ఆసుపత్రి గదిలోది ముందుగా చేరుతుంది. బ్రిటన్‌లో దాదాపు 600 మంది పసివాళ్ల మీద 2019లో వచ్చిన అధ్యయనం దీన్ని బలపరిచింది. ఈ తేడా నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. తర్వాత ఉబ్బసం, ఎలర్జీ పెరగడానికి అదే కారణమా, సిజేరియన్‌కు దారితీసిన పరిస్థితులా, వెంట వాడిన యాంటీబయాటిక్‌లా అన్నది విడదీయలేకపోతున్నారు. తల్లి స్రావాన్ని దూదితో బిడ్డకు పూయడం పరిశోధనల్లో తప్ప బయట చేయవద్దని అమెరికన్ ప్రసూతి వైద్యుల సంఘం చెప్పింది.

తేలిన విషయం ఒకటుంది. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు పుష్కలంగా ఉంటాయి. వాటిని తినేది బిడ్డ పేగులోని బైఫిడోబాక్టీరియా. ఎలా పుట్టిన బిడ్డకైనా మొదటి గంటలోనే తల్లిపాలు పట్టడం ఖర్చులేనిది, నిస్సందేహమైనది.

పొలంలో అదే లెక్క

వేరుశనగ మొక్కను పీకి చూస్తే వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగుంటే రైజోబియం బాక్టీరియా పనిలో ఉన్నట్టు. గోధుమ రంగుకు తిరిగితే పని ఆగినట్టు. మన నెత్తురుకు ఎరుపునిచ్చే పదార్థానికి బంధువైన ఒక పదార్థం ఆ రంగుకు కారణం. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే పనికి ఆక్సిజన్ అడ్డు రాకుండా అది చూసుకుంటుంది. పప్పుజాతి పంటలకే కాక, వరికి ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి కలియదున్నే రైతుకూ దక్కేది ఈ బాక్టీరియా కష్టమే.

అదే పొలంలో వరికి బాక్టీరియా ఎండాకు తెగులు తెచ్చేది జాంథోమోనాస్. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరికి ఇది పెద్ద బెడద. హైదరాబాద్‌లోని వరి పరిశోధనా సంస్థ, సీసీఎంబీ కలిసి తట్టుకునే మూడు జన్యువులను సంప్రదాయ సంకరంతో చేర్చి 2008లో మెరుగుపరిచిన సాంబమసూరిని ఇచ్చాయి. శత్రువును చంపకుండా పంటను గట్టిచేసిన ఉదాహరణ ఇది. బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇంకో రకం పాఠం. జపాన్‌లో 1901లో అది బయటపడింది పట్టుపురుగుల్ని చంపుతూ. పట్టు రైతుకు శత్రువైన దాని జన్యువే బీటీ పత్తిగా 2002లో మన పత్తి రైతుకు మిత్రమైంది. గులాబీరంగు పురుగు దానికి అలవాటుపడ్డాక ఆ మైత్రీ సన్నగిల్లింది.

ప్రోబయోటిక్: ఎక్కడ పనిచేసింది, ఎక్కడ లేదు

ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద పినాకి పాణిగ్రాహి బృందం చేసిన పరీక్ష 2017లో వెలువడింది. ఎంపికచేసిన ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని దాని ఆహారమైన చక్కెరతో కలిపి వారం రోజులు పట్టారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ లేదా మరణం 40 శాతం తగ్గింది. మన నేల మీద, మన పిల్లలకు ఇంత స్పష్టంగా తేలిన ఫలితం అరుదు. ఆ ఫలితం ఆ ఒక్క రకానిది, ఆ మోతాదుది. షాపులో దొరికే ప్రతి పొట్లానికీ దాన్ని అన్వయించకూడదు.

దీనికి ఎదురుగా 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ మరోటి చూపించింది. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత ప్రోబయోటిక్, అంటే బతికున్న బాక్టీరియా, మింగినవారిలో సొంత బాక్టీరియా కోలుకోవడం ఆలస్యమైంది. చిన్న అధ్యయనమే అయినా, యాంటీబయాటిక్‌తో పాటు అలవాటుగా పొట్లం రాసే పద్ధతిని ఇది నిలదీసింది. అమెరికన్ జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో చాలా జీర్ణ సమస్యలకు ప్రోబయోటిక్‌లను సిఫారసు చేయలేమని తేల్చింది.

ఆరోగ్యవంతుడి మలంలోని బాక్టీరియాను రోగి పేగులోకి ఎక్కించే చికిత్స ఇంకో దారి. యాంటీబయాటిక్‌ల తర్వాత పదేపదే తిరగబెట్టే సి-డిఫిసిల్ బాక్టీరియా విరేచనాలకు 2013లో డచ్ వైద్యులు దీన్ని వాడితే 16 మందిలో 15 మందికి తగ్గింది. 2019లో అమెరికాలో సరిగా పరీక్షించని దాత నుంచి మొండి ఈ-కొలై వచ్చి ఒక రోగి చనిపోయాడు. దాతకు హాని చేయనిది రోగికి ప్రాణాంతకమైంది.

తేలనివి, ఆగకూడనివి

ఆరోగ్యవంతమైన పేగు బాక్టీరియా అంటే ఎలా ఉండాలన్నదానికి ఒప్పుకున్న ప్రమాణం ఇంకా లేదు. డబ్బు తీసుకుని మలపరీక్ష చేసి తిండి పట్టిక ఇచ్చేవారి సలహాకు అందువల్ల గట్టి పునాది లేదు. బాక్టీరియా జాతి పేరును బట్టి మంచీచెడూ చెప్పడం కుదరదన్నది మాత్రం తేలింది. ఏ రకం, ఎక్కడ, ఎంత, ఎవరి ఒంట్లో అని అడగాలి. ఈ మాటను శత్రువులే లేరన్నంత దూరం లాగేవారితో నేను ఏకీభవించను. క్షయ, టైఫాయిడ్, కలరాలతో రాజీ లేదు.

తేలేదాకా ఆగలేనిది మందులకు లొంగని బాక్టీరియా సమస్య. 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మరణాలకు అది నేరుగా కారణమని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. యాంటీబయాటిక్ అందక చనిపోయే పేదలూ ఉన్నారు కాబట్టి వాడకం తగ్గించండి అన్న ఒక్క మాట సరిపోదు. అవసరమైనవారికి అందాలి, జలుబుకు అమ్మడం ఆగాలి. అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉన్న మందును చీటీ లేకుండా కొనకండి, ఇంట్లో మిగిలినది ఇంకొకరికి ఇవ్వకండి.

మన రాష్ట్రాల బాధ్యత మరింత పెద్దది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉందని ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. కంపెనీల వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు లేస్తోంది. అక్కడి గొట్టాల్లోంచి మొదటి చుక్క బయటికి రాకముందే రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పరిమితులను తమంతట తామే అమల్లోకి తేవాలి.